మూడో మనిషి లేని ఊళ్లు

(తిరువూరులో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఊళ్లో ప్లీడర్లు ఎందరున్నా 'ప్లీడరు గారు' అంటే ఒక్కరే. తన పేరు మీద సభలు పెట్టొద్దని ఆయన గట్టిగా చెప్పిపోయారట. సభ పెట్టి మనం సగం మాట తప్పాం. పేరెత్తకుండా మిగతా సగమైనా నిలబెడదాం. మీకందరికీ తెలిసిన పేరే కదా.

కొండప్రాంతపు పల్లెల్లో కుటుంబ పగల చరిత్ర గురించి మాట్లాడమన్నారు. తిరువూరుకూ దానికీ ఏం సంబంధమని కొందరికి అనిపించవచ్చు. మన దగ్గర ఉన్నవి మామిడితోట గట్టు తగాదాలు, చెరువు తూము దగ్గర కేకలు, పంచాయతీ ఎన్నికలయ్యాక ఆర్నెల్లపాటు మాటల్లేకపోవడాలు. కక్ష అనగానే మన చెయ్యి పడమరకు చూపిస్తుంది. పల్నాడంటాం, లేకపోతే సీమంటాం. అక్కడి నేలే అంతంటాం, వాళ్ల రక్తంలోనే ఉందంటాం.

నేను చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. నేల మీదా రక్తం మీదా ఈ నేరం మోపడానికి నాకు ఆధారం దొరకలేదు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. కరువే కక్షలకు కారణమైతే, కృష్ణా తుంగభద్రలకు ఇవతల ఒడ్డున ఉన్న పాలమూరులోనూ అవే కక్షలు పెరిగి ఉండాలి. పాలమూరు మనిషి ఆ కరువుకే తట్టాపారా పట్టుకుని దేశమంతా ఆనకట్టల పనికి వెళ్లాడు. కొండల సంగతీ అంతే. నల్లమల, ఎర్రమల, పాలకొండలు తప్పించుకుపోయేవాడికి చోటిస్తాయి. పగకు పుట్టిల్లు మాత్రం అక్కడ లేదు.

నాకు కనిపించింది వేరు. పగ రగిలిన ప్రతిచోటా అందరికన్నా ముందు మాయమైనవాడు ఒకడుంటాడు. రెండిళ్లలోనూ అన్నం తినగలిగినవాడు, రెండు పక్షాలూ మాట వినక తప్పనివాడు. మధ్యవర్తి అనండి, పెద్దమనిషి అనండి, సాక్షి అనండి. ఈ పూటకు మూడో మనిషి అందాం. వాణ్ణి చంపుతారు, లేదా కొంటారు, లేదా ఏదో ఒక పక్షంలో చేరక తప్పని స్థితికి తెస్తారు. ఆ తర్వాత జరిగేదంతా లెక్కలు తీర్చుకోవడమే.

మొదట పల్నాడు సంగతి చూద్దాం. పన్నెండో శతాబ్దం చివరినాటి కథ. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు దాన్ని ద్విపదలో రాశాడు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు పరిష్కరించి అచ్చు వేయించారు. అంతకుముందూ ఆ తర్వాతా దాన్ని బతికించింది మాత్రం ఊరూరా తిరిగి పాడిన గాయకులు. వాళ్లలో అలిసెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోఘైర్ అనే అమెరికన్ పండితుడు రికార్డు చేసి, ఇంగ్లిష్‌లోకి తెచ్చి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకం వేశాడు. మన ఇంటి గొడవ ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లిందన్నమాట.

కథ మీకు తెలుసు. అనుగురాజు కొడుకుల మధ్య పంపకం. గురజాలలో నలగామరాజు, అతని పక్కన మంత్రిణి నాగమ్మ. మాచర్లలో మలిదేవుడు, అతని పక్కన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో మలిదేవుడి పక్షం ఓడింది, ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లింది. మనవాళ్లు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. పందెం, పౌరుషం, నాగమ్మ కుట్ర, ఇంతే కారణాలు. ఊరి పగకు ఒక ఆడదాని పేరు పెట్టేస్తే మగవాళ్లందరూ సాక్షులుగా మిగిలిపోవచ్చు కదా. సోదరుల మధ్య భూమి పంపకంలో ఉన్న చిక్కు పందెంకోళ్ల కన్నా పెద్దదని మనలో ప్రతి ఇంటికీ తెలుసు. అయినా నాగమ్మను తిట్టడమే సులువు.

నన్ను పట్టి నిలిపింది అలరాజు. అతను కొమ్మరాజు కొడుకు. మలిదేవుడి పక్షం వాడు. నలగామరాజు కూతురు పేరిందేవి భర్త కూడా అతనే. అంటే గురజాల కోటకు అల్లుడు. ఏడేళ్ల గడువు తీరాక తమ రాజ్యం తమకివ్వమని అడగడానికి అతన్నే రాయబారం పంపారు. ఆ గుంపులో అంతకన్నా తగినవాడు లేడు. అటు వెళ్తే కాళ్లు కడిగి పీట వేయాల్సిన మనిషి. అలాంటివాడు తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగానికి చనిపోయాడని కథ చెబుతుంది. అప్పటిదాకా వాదం భూమి గురించి. అల్లుడి శవం లేచాక వాదమే లేదు. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున రెండు పక్షాలూ ఒకళ్లనొకళ్లు నరుక్కున్నాయి. చివరికి బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడూ మిగల్లేదు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు.

కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారెంపూడిలో వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఆ వరసను ఎవరు పెట్టారో గానీ గట్టి మనిషి. రాయబారానికి విడిగా ఒక రోజు ఇచ్చారు. యుద్ధాన్ని తలచుకునే జాతరలో, యుద్ధం ఆగివుండగలిగిన ఒక్క సందర్భాన్నీ ఏటేటా నడిపిస్తున్నారు. మన చరిత్ర పాఠ్యపుస్తకాల్లో అలరాజుకు ఒక వాక్యం కూడా దొరకదు.

ఇక్కడి నుంచి ఒక్కసారి అమెరికా వెళ్లి వద్దాం. అపలాచియన్ కొండల్లో టగ్ ఫోర్క్ అనే ఏరుంది. ఇటు కెంటకీ, అటు వెస్ట్ వర్జీనియా. అటు ఒడ్డున హాట్‌ఫీల్డ్‌లు ఎక్కువ, ఇటు ఒడ్డున మెక్కాయ్‌లు ఎక్కువ. లోకంలో కుటుంబ పగ అనగానే వీళ్ల పేరే చెబుతారు. తిరువూరు వాళ్లకు ఆ భూగోళం ఇట్టే అర్థమవుతుంది. 1948 దాకా మన పొలిమేర దాటితే నిజాం రాజ్యం. పోలీసు మారేవాడు, కోర్టు మారేది, రూపాయి కూడా మారేది. ఇక్కడ తప్పు చేసినవాడు ఏ దిక్కుకు నడవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

1878లో అక్కడ ఒక పంది మీద దావా పడింది. పంది నాదంటే నాదని రెండిళ్లవాళ్లూ. న్యాయం చెప్పడానికి కూర్చున్నాయన ఒక హాట్‌ఫీల్డే. ఎవరూ తప్పు పట్టకూడదని జ్యూరీలో అటు ఆరుగురిని, ఇటు ఆరుగురిని కూర్చోబెట్టారు. ఒక మెక్కాయ్ అవతలి పక్షానికి ఓటేశాడు, పంది హాట్‌ఫీల్డ్‌లకు వెళ్లింది. ఆ దావాలో సాక్ష్యం చెప్పిన బిల్ స్టేటన్ రెండు కుటుంబాలకూ బంధువు. 1880లో అతన్ని ఇద్దరు మెక్కాయ్ అన్నదమ్ములు చంపారు. చూశారా, అక్కడా ముందు పోయింది రెండు వైపులా చుట్టరికం ఉన్న సాక్షే. 1882లో ఎన్నికల రోజు తాగిన గొడవలో ఒక హాట్‌ఫీల్డ్ కత్తిపోట్లకు గురై చనిపోయాడు. బదులుగా ముగ్గురు మెక్కాయ్ సోదరులను చెట్లకు కట్టి కాల్చారు. ఆరేళ్ల తర్వాత కెంటకీ మనుషులు ఏరు దాటి నిందితులను పట్టుకుపోతే, ఆ పట్టుకుపోవడం చెల్లుతుందా అన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1890లో ఒకణ్ణి ఉరితీశారు.

పత్రికలు దీన్ని కొండజాతి మొరటుతనంగా రాసి అమ్ముకున్నాయి. ఆల్టినా వాలర్ అనే చరిత్రకారిణి 1988లో ఆ పాత దస్తావేజులన్నీ తిరగేసి వేరే సంగతి చెప్పింది. పగ ముదిరిన కాలానికి ఆ లోయలోకి కలప వ్యాపారం వచ్చింది, రైలు రాబోతోంది, భూమి ధర మారుతోంది. పాత పెద్దరికాలు చెల్లకుండా పోతున్నాయి. పంది పేరుతో నడిచింది అడవి ఎవరిదనే తగాదా అని ఆమె వాదన. మన పందెంకోడి సంగతి మళ్లీ ఆలోచించుకోండి.

ఇప్పుడు రాయలసీమ. అప్పటికి ఆ పేరు లేదు. 1800లో నిజాం కంపెనీకి ధారాదత్తం చేశాడు కాబట్టి దత్తమండలాలు అనేవారు. రాయలసీమ అనే పేరు 1928 నంద్యాల సభలో వచ్చింది. మొదటి కలెక్టరు థామస్ మన్రో వచ్చేనాటికి అక్కడ దాదాపు 80 మంది పాళెగాళ్లున్నారు. ఊరికి కావలి కాయడం వాళ్ల పని. అందుకు రుసుం వసూలు చేసుకునేవాళ్లు. రుసుం ఇవ్వని ఊరిని దోచేదీ వాళ్లే. మన్రో వాళ్లను అణచాడు, కొందరికి పింఛను కట్టాడు, రైతువారీ తెచ్చాడు. అణగని కోపం 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి రూపంలో లేచింది. 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు.

ఈనాటి కక్షలు పాళెగాళ్ల వారసత్వం అని చెప్పడం రివాజు. నేను ఒప్పుకోను. పాళెగాళ్లు పోయాక ఊళ్లో ఎవరు మిగిలారన్నది చూడాలి. రెడ్డి, కరణం మిగిలారు. 1816 చట్టాలతో గ్రామ మునసబు అయిన ఆ రెడ్డికి చిన్న దావాలు తీర్చే అధికారం కూడా వచ్చింది. పన్ను వసూలు ఆయనదే, పోలీసుకు కబురు ఆయనదే, తీర్పూ ఆయనదే. ఊరికి మూడో మనిషిగా ఉండాల్సిన కుర్చీ ఊళ్లో అన్నిటికన్నా లాభసాటి కుర్చీ అయింది. ఇక దాని కోసం రెండిళ్లు కొట్టుకోవడంలో వింతేముంది? 1959లో పంచాయతీరాజ్ వచ్చింది. ఆ కొట్లాటకు ఓట్లు తోడయ్యాయి. సర్పంచి పదవితో పాటు సారా పాటలు, రోడ్డు కాంట్రాక్టులు, సొసైటీ అప్పులు. 1984 జనవరిలో రామారావు గారి ప్రభుత్వం మునసబు, కరణాల వంశపారంపర్య పదవులను రద్దు చేసింది. కుర్చీ పోయింది గానీ ఖాళీ అలాగే ఉండిపోయింది. అక్కడ పార్టీ నాయకుడు కూర్చున్నాడు.

సీమ పల్లెల్లో పార్టీ అంటే జెండా కాదని మీకు తెలిసే ఉంటుంది. 'నువ్వు ఎవరి పార్టీ?' అంటే ఏ ఇంటి పక్షమని. రేషన్ కార్డు, బోరుకు కరెంటు కనెక్షను, కొడుకు మీద కేసు, ఏది కావాలన్నా ఒక ఇంటి గడప తొక్కాలి. తొక్కినవాడు ఆ ఇంటి మనిషి. తొక్కనివాడు రెండిళ్లకూ శత్రువు. ఈ ఏర్పాటులో పౌరుషం ఎంతుందో నాకు తెలియదు. బతుకుతెరువు మాత్రం చాలా ఉంది. హక్కుల న్యాయవాది బాలగోపాల్ గారు సీమ ముఠాల గురించి రాసినవి చదవని న్యాయవాది ఈ సభలో ఉంటే దయచేసి చదవండి. గణితం చెప్పిన మనిషి కాబట్టేమో, ఆవేశం ఎక్కడ ఆగి ఆధారం ఎక్కడ మొదలవుతుందో ఆయనకు బాగా తెలుసు.

సినిమాల గురించి నాలుగు మాటలు చాలు. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడింది మొదలు ఓ పదేళ్లు మన తెరల మీద సుమోలు గాల్లో లేచాయి. నరికినవాడి ముఖం చూపించారు. నరికించుకున్న కూలీ పెళ్లాం మర్నాడు ఎవరింటికి పనికెళ్లిందో చూపించలేదు. 1997 నవంబరు 19న హైదరాబాదులో ఒక సినిమా ప్రారంభం దగ్గరే కారుబాంబు పేలింది. గురిపెట్టిన నాయకుడు పరిటాల రవి బతికారు. 26 మంది చనిపోయారు, వాళ్లలో కెమెరాలు పట్టుకుని వచ్చిన టీవీ సిబ్బంది ఉన్నారు. ఏ పక్షానికీ చెందనివాళ్లు. రవిని 2005 జనవరి 24న అనంతపురంలో చంపారు. ఈ పగల్లో పోయినవాళ్ల పేర్ల వరస ఇక్కడ చదవడం నాకిష్టం లేదు, మీకు పత్రికల్లో చదివి తెలిసినవే.

న్యాయవాదుల సభ కాబట్టి అసలు చిక్కు ఇప్పుడు చెప్పాలి. హత్య కేసు రాజీకి వీల్లేని నేరం. ఇరుపక్షాలూ కలిసి వచ్చి కొట్టేయమన్నా కోర్టు కొట్టేయదు. ఉండాల్సిన నియమమే అది. కానీ ఊళ్లో రాజీ జరుగుతుంది. ఆ రాజీకి కోర్టులో దొరికే ఒకే ఒక్క రూపం సాక్షి మరిచిపోవడం. 'చీకటిగా ఉందండీ, ముఖం ఆనలేదండీ.' సాక్షి ఎదురు తిరిగాడని రికార్డులో రాసుకుంటాం. వాడు తిరగలేదు, వాణ్ణి ఊరు తిప్పింది.

దీనికి రెండో ముఖం ఉంది. శిక్షాస్మృతిలో 149వ సెక్షను, కొత్త సంహితలో 190. గుంపులో ఒకడు చేసిన నేరానికి గుంపంతా బాధ్యులే. కక్షల ఊరికి ఈ సెక్షను వేటకొడవలి కన్నా పదునైన ఆయుధం. చంపినవాళ్లు నలుగురైతే ఫిర్యాదులో పాతికమంది పేర్లెక్కుతాయి. అవతలి ఇంట్లో చదువుకున్న కుర్రాడి పేరు తప్పకుండా ఉంటుంది. వాడికి ఉద్యోగం రాకూడదు కదా. 1964లో మసల్తీ కేసులో సుప్రీంకోర్టు ముందున్న సమస్య ఇదే. ఉత్తరప్రదేశ్‌లో ఒక ఊరి ముఠా హత్యలు, బోలెడుమంది ముద్దాయిలు. ముఠాకు చెందినవాడనే కారణంతో సాక్షిని కొట్టిపారేయలేం, ఎందుకంటే అలాంటి ఊళ్లో ముఠాకు చెందని సాక్షి దొరకడు. అలాగని అతను చెప్పిన ప్రతి పేరునూ నమ్మలేం. ఒక్కో ముద్దాయి గురించి ఇద్దరో ముగ్గురో సాక్షులు పొంతన కుదిరేలా చెబితేనే తీసుకోవడం అనే కొలమానాన్ని కోర్టు ఆమోదించింది. మూడో మనిషి లేని ఊరికి న్యాయస్థానం చేసిన సర్దుబాటు అది.

ప్లీడరు గారికి మసల్తీ తీర్పు కంఠతా వచ్చునని జూనియర్లు చెబుతారు. దానికన్నా ఆయన ఫిర్యాదు రాసే పద్ధతి నాకు నచ్చుతుంది. కొట్లాట జరిగిన రాత్రి ఎవరైనా పేర్ల చీటీతో వస్తే, ఆయన చీటీ పక్కన పెట్టి కాఫీ తెప్పించేవారు. 'వీళ్లలో నిన్న ఊళ్లో లేనివాళ్లెవరు నాయనా?' అని మొదటి ప్రశ్న. వచ్చినవాడు కాసేపు గింజుకునేవాడు. తర్వాత ఒక్కో పేరూ కొట్టేయడం మొదలయ్యేది. ఫీజు పోయిన సందర్భాలూ ఉన్నాయి. చీటీ యథాతథంగా రాసిపెట్టే ఆఫీసులు ఊళ్లో వేరే లేకపోలేదు. కానీ ఆ చీటీలోంచి తప్పిన ప్రతి పేరూ ఒక ఇల్లు. ఆ ఇంటికి కక్ష అంటలేదు.

పగలు తీరిన చోటు ఎక్కడైనా ఉందా అని అడుగుతారు. ఉంది. అల్బేనియా ఉత్తర కొండల్లో లెక్ దుకజిని పేరుతో ఒక కట్టుబాటు ఉంది. పాద్రీ ష్ట్‌యెఫెన్ జెచోవ్ ఊరూరా తిరిగి సేకరించాడు. 1933లో, ఆయన పోయాక, పుస్తకమైంది. చంపినవాణ్ణి ఎప్పుడు చంపవచ్చు, ఎప్పుడు చంపకూడదు, మాట ఇచ్చిన గడువులో ఎలా వదిలేయాలి, అన్నిటికీ నియమముంది. పగ ఉన్న ఇంటి మగవాళ్లు రాతి బురుజుల్లో ఏళ్ల తరబడి దాక్కున్నారు. అదే కట్టుబాటు నడిచిన పక్కనున్న కొసావోలో 1990లో ఆంటోన్ చెట్టా అనే జానపద సాహిత్య ఆచార్యుడు విద్యార్థులను వెంటేసుకుని బయల్దేరాడు. పాటలూ కథలూ సేకరించడానికి ఏళ్లకేళ్లు తిరిగిన ఊళ్లే, తెలిసిన గడపలే. చచ్చినవాడి తండ్రి ముందు కూర్చుని రక్తాన్ని క్షమించమని అడిగేవాడు. ఆ ఏడాది మే 1న వెర్రాత్ ఎ లూకెస్ మైదానంలో లక్షలమంది కూడారు. ఒక్కో కుటుంబం ముందుకొచ్చి క్షమించామని చెప్పింది. రెండేళ్లలో సుమారు వెయ్యి పగలు తీరాయి.

అది విని మనం కూడా అలా చేస్తే సరి అని పొంగిపోకండి. అక్కడ సెర్బియా ప్రభుత్వపు ఒత్తిడి అందరి మీదా ఒకేలా ఉంది. తమలో తాము చంపుకుంటే మిగలమని అందరికీ తెలిసింది. చెట్టాకు కాంట్రాక్టు లేదు, టికెట్టు అక్కర్లేదు. మన ఊళ్లలో రాజీ కుదర్చడానికి వచ్చే పెద్దమనిషికి సాధారణంగా రెండూ కావాలి. పైగా మన రాజీల్లో మాట్లాడేది నాయకులు. వాళ్లు చేతులు కలిపి ఫొటో దిగుతారు. వాళ్ల వెనక నడిచిన భర్తను పోగొట్టుకున్న ఆవిడను ఎవరూ అడగరు. నాకు తెలిసినంతలో కొసావోలో అడిగింది ఆ ఇంటివాళ్లనే, తేడా అక్కడుంది.

మన దగ్గరా ప్రయత్నాలు జరగలేదని కాదు. కర్నూలు జిల్లా కప్పట్రాళ్లలో 2008 మేలో ఒక్క దాడిలో 11 మందిని చంపారు. కొన్నేళ్ల తర్వాత అక్కడ ఎస్పీగా పనిచేసిన ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. బడి మీద, సౌకర్యాల మీద దృష్టి పెట్టారు. పోలీసు ఊరికి బైండోవర్ కాగితంతో కాకుండా బడి పనితో రావడం మంచి మార్పే. అయితే ఒక అధికారి బదిలీ అయితే ఆ మూడో మనిషి కూడా బదిలీ అవుతాడు. 2024 మే 13న పోలింగు రోజున, ఆ తర్వాతా పల్నాడులో, అనంతపురంలో ఏం జరిగిందో చూశాం. రెండు జిల్లాల ఎస్పీలను ఎన్నికల సంఘం సస్పెండ్ చేసింది. బాంబుల తరం పోయిందని, పిల్లలంతా బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారని చెప్పుకునేవాళ్లు ఆ వారం మాట్లాడలేదు.

చివరగా బార్ మిత్రులతో ఒక పని గురించి. 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉండాలి. భయమున్న సాక్షి దరఖాస్తు పెట్టుకుంటే పోలీసు విచారించి నివేదిక ఇవ్వాలి. కాపలా పెట్టడం నుంచి వేరే చోటికి తరలించడం దాకా అందులో ఉన్నాయి. కొత్త నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షనులో ఇలాంటి పథకం చేయాలని రాష్ట్రాలకు చెప్పారు. నగరంలో అద్దెకున్న సాక్షికి ఇది పనికొస్తుంది. ఎకరన్నర వేరుశనగ పంట మీదున్న సాక్షిని ఎక్కడికి తరలిస్తారు? గేదెల్ని ఎవరు చూస్తారు? పథకంలో ఆ వరస లేదు. ఆ వరస రాయాల్సింది ఢిల్లీలో కాదు, గట్టు తగాదాలు తెలిసిన ఇలాంటి కోర్టుల్లో. ఒక పల్లెటూరి సాక్షి తరఫున, తెలుగులో, పంటకూ పశువులకూ కూడా ఏర్పాటు అడుగుతూ ఒక దరఖాస్తు తయారుచేసి కమిటీ ముందు పెట్టండి. తిరస్కరిస్తే తిరస్కరించనివ్వండి, పైకోర్టు ఉంది. ఆ దరఖాస్తు రాసిన జూనియరెవరైనా సరే, వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి వాళ్లను పిలవమని నిర్వాహకులను ఇప్పుడే అడిగి కూర్చుంటున్నాను.